తల దించుకున్న మేడమ్

మా మేడమ్ గుర్తొస్తే నాకు ముందు ఆవిడ వంచిన మెడే కనిపిస్తుంది. పాత ఇళ్లను గుర్తించి కాపాడే మునిసిపల్ విభాగానికి ఆవిడ అధికారి. నేను ఆవిడ దగ్గర డ్రాయింగులు గీసేవాణ్ణి. నానక్‌రామ్‌గూడ పాత సందుల్లో తిరిగేటప్పుడు, మంచి ఇల్లు కనబడితే చాలు, ఆవిడ తల దించుకుని దాటిపోయేవారు. రేకుల షెడ్ల ముందు మాత్రం తీరిగ్గా నిలబడేవారు.

ఎందుకని అడిగితే అలసటగా చెప్పారు. "మనకు నచ్చిందని తెలిస్తే, ఇక అమ్ముకోనివ్వరని ఇంటివాళ్లు భయపడతారయ్యా. కూల్చొద్దన్న ఆర్డరు వచ్చేలోపే జేసీబీ వచ్చేస్తుంది. ఎన్నిసార్లు చూశానో."

సందు చివర చెక్క స్తంభాల వరండాతో ఒక ఇల్లుండేది. ఏటా సున్నం వేసిన గోడలు. వెనక ఉన్న అద్దాల టవర్ ఎండనంతా దాని మీద పోసేది. దాన్ని కాపాడాలని పై ఆఫీసుకు రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ మేడమ్ అటు కన్నెత్తి చూడలేదు.

ఒకరోజు ఆ ఇంటావిడ వరండాలో సామాన్లు మూట కడుతూ మమ్మల్ని ఆపింది.

"జర ఆగున్రి మేడమ్. ఇన్నిసార్లు వచ్చిన్రు, అందరి ఇండ్లు చూసిన్రు. మా ఇంటి దిక్కు ఒక్కసారన్న చూడలే. మీకే మంచిగనిపిస్తలేదంటే ఇగ దీంట్ల ఏమున్నదని మా ఆయన బిల్డర్‌కు సంతకం పెట్టిండు."

మేడమ్ మొదటిసారి తలెత్తారు. స్తంభాలు, దూలాలు, చూరు కింద చెక్కిన చిలకలు, అన్నీ నెమ్మదిగా చూశారు.

"చాలా బాగుందమ్మా," అన్నారు.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా," అంది ఆవిడ, మూట ముడి బిగిస్తూ.