వంతెన మొదట్లో దించేసిన కారు

అక్కకి కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు కొవ్వూరు నుంచి రాజమండ్రి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేదాన్ని. బావగారు పోయినప్పటి నుంచి ఆవిడ నా దగ్గరే ఉండేది. నేను ఇంట్లో బట్టలు కుడతాను కాబట్టి తోడు వెళ్ళడానికి ఎవరి సెలవూ అడగక్కర్లేదు. కారు దొరకడమే కష్టమైపోయేది.

మొదట్లో స్టాండులో కారు మాట్లాడుకున్నాం. పెద్ద కిరాయి తగిలితే ఆ డ్రైవరు మమ్మల్ని వదిలేసేవాడు. ఒకరోజు గంటన్నర గుమ్మంలో కూర్చోబెట్టి, నేను ఫోను చేస్తే, "పెనుగొండ గుడికి పార్టీ తగిలిందండి, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. ఆసుపత్రిలో మన తర్వాతి మనిషి తన టైముకి వచ్చేస్తాడు. నాలుగు గంటలు మెషిను మీద ఉండాల్సిన అక్కని ఆ రోజు రెండున్నర గంటలు కాగానే దింపేశారు.

ఆ కోపంతోనే ఫోన్లో యాప్ పెట్టించుకున్నాను. ధర ముందే కనిపిస్తుంది, బేరాల గొడవ ఉండదనుకున్నాను. వెళ్ళేటప్పుడు పర్వాలేదు, రాజమండ్రి తిరిగి వెళ్ళే కారు ఏదో ఒకటి దొరికేది. వచ్చేటప్పుడే నరకం. బుక్ చెయ్యగానే ఫోను వచ్చేది. "ఎక్కడికండి?" కొవ్వూరు అనగానే పెట్టేసేవారు. చినుకు పడితే యాప్‌లోనే ధర రెట్టింపయ్యేది.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఒకాయన ఏమీ అడక్కుండా వచ్చాడు. నడివయసు మనిషి. అక్కని ఎక్కించడానికి తలుపు కూడా పట్టుకున్నాడు. వంతెన దగ్గర పడుతుండగా మెల్లిగా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇందులో నాలుగొందలే చూపిస్తోంది. ఏడొందలు ఇస్తారు కదండీ?"

"చూపించినంతే ఇస్తానండి. మీరు ఒప్పుకునే కదా వచ్చారు?"

"కంపెనీవాళ్ళు అందులోనే కొంత పట్టేసుకుంటారండి. అవతల నుంచి ఖాళీగా రావాలి. నా చేతి డబ్బులు పోతాయండి."

"అది మీరూ మీ కంపెనీ తేల్చుకోండి. మధ్యలో మేమేం చేశాం?"

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఇచ్చెయ్యవే. ఇంటికెళ్దాం."

"ఎందుకివ్వాలక్కా? ఈ రోజిస్తే రోజూ అడుగుతారు" అని గట్టిగా అరిచాను.

ఆయన అరవలేదు. కారు పక్కకి తీసి ఆపాడు. "దిగండమ్మా. నావల్ల కాదు" అన్నాడు. ఆ నెమ్మదికి నాకు ఇంకా మండింది. అక్క చెయ్యి పట్టుకుని దిగిపోయాను.

డయాలసిస్ అయ్యాక ఆవిడకి బీపీ పడిపోతుందని నాకు తెలుసు. తెలిసే దించాను. ఆ ఎండలో అక్క కాసేపు రైలింగు పట్టుకుని నిలబడి, తర్వాత నేలమీద కూలబడింది. సూది తీసిన చోట కట్టు తడిసి, చీర మీద రక్తం బొట్లు పడ్డాయి. స్టాండు డ్రైవరుకి ఫోను చేశాను. "యాప్‌లో తిరుగుతున్నారు కదండీ, దాన్నే అడగండి" అని పెట్టేశాడు. చివరికి కూరగాయల ఆటో ఒకటి ఆగితే, గోతాల మధ్య ఆవిడని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇంటికి తెచ్చాను.

తర్వాతి వారం అక్క, "ఇక రెండుసార్లు చాలన్నారు డాక్టరుగారు" అంది. నేను ఎవర్నీ అడగలేదు. నిజం చెప్పాలంటే బరువు దిగినట్టనిపించింది.

నెల తిరక్కుండానే కాళ్ళు పొంగి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆసుపత్రిలో డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "రెండుసార్లు చాలని మీకెవరు చెప్పారండీ? డబ్బు ఇబ్బందని చెప్పి ఆవిడే ఒకటి మానేశారు కదా?" అన్నారు.

అక్క మంచం దగ్గర కూర్చుని అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని. ఆక్సిజన్ మాస్కు కొద్దిగా పైకెత్తి, "నువ్వు రోడ్డు మీద వాళ్ళతో అలా అరుస్తుంటే చూడలేకపోయానే" అంది.

ఆ గండం గడిచింది. ఆసుపత్రికి రెండు వీధుల అవతల చిన్న గది అద్దెకి తీసుకుని, కుట్టుమిషను అక్కడికే చేర్చాను. అక్క నా భుజం పట్టుకుని నడిచే వెళ్ళేది. కానీ గుండె అప్పటికే దెబ్బతింది. ఆ గదిలో ఐదు నెలలే ఉంది.

అలాంటి గది ముందే తీసుకోవచ్చని నాకు తట్టలేదు. ఆ రోజుల్లో నా ధ్యాసంతా ఎవరు నన్ను మోసం చేస్తున్నారన్న దాని మీదే ఉండేది.