బురుజు కింది మడి

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. ఊళ్లో శ్మశానం పక్కనే మా పొలం. రాత్రి కరెంటు వస్తే ఒక్కణ్ణే వెళ్లి మోటారు వేసేవాణ్ణి. ఇది జరిగాక కూడా దయ్యం అనను. మరేమనాలో తెలియదు.

సౌదీలో, జిజాన్ కొండల్లో నేను పనిచేసే మజ్రా, అంటే వ్యవసాయ క్షేత్రం, ఒకప్పటి కోట. బురుజుల్లో మేకలు, సిపాయిలు ఉన్న గదుల్లో గడ్డి, లోపలి వాకిట్లో జొన్న చేను. కట్టి ఎన్ని వందల ఏళ్లయిందో ఎవరికీ తెలియదు. తన తాత కొన్నాడని కఫీల్, నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటాడు. కొనలేదు, లాక్కున్నాడని కింది ఊరివాళ్లంటారు. రాజుల సొమ్ము రాళ్లపాలు అంటారు గానీ ఇక్కడ మేకలపాలయింది.

కూలిన బురుజు కింద చిన్న బీడు మడి ఉంది. దానికి నీళ్లు వదలొద్దని కఫీల్ మొదట్లోనే చెప్పాడు. కాలువలోంచి అటు నీళ్లు మళ్లే మడవను రాళ్లు, మట్టి పెట్టి కట్టేశాను. అయినా మోటారు వేసిన ప్రతిసారీ జొన్న పొడిగానే ఉండేది, ఆ మడి తడిసేది.

మజ్రా డ్రైవర్ మల్లన్నది మా జగిత్యాల వైపే. "ఎలుక బొక్కుంటది తమ్మీ, మంచిగ సూడు" అన్నాడు. గట్టంతా తవ్వి మళ్లీ కట్టాను. బొక్క లేదు.

జొన్న వాడిపోయేసరికి కఫీల్‌కు కోపం వచ్చింది. పని మానేసి పడుకుంటున్నానని, ఇంకోసారి ఇలా జరిగితే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేస్తానని అన్నాడు. సాగు తప్ప ఇంకో పని రాదు. ఊళ్లో ఉన్న పొలం కౌలుకిచ్చి వచ్చాను. ఒక్కసారి మీరే కట్టి చూడండని బతిమాలాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనే వంగి మడవ కట్టాడు. మోటారు వేసి, ఇద్దరం ఎదురుగా కూర్చుని చాయ్ తాగాం. నీళ్లు మా కళ్లముందే జొన్నవైపు పారాయి. లేచి వెళ్లి చూస్తే జొన్న మొదళ్లు పొడిగా ఉన్నాయి. బురుజు కింది మడి నిండా నీళ్లు. మడవ మట్టి మీద ఆయన వేళ్ల గుర్తులు కూడా చెదరలేదు.

తిడతాడనుకున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తనకు వచ్చిన హిందీలో, ఆ ముక్క ఎప్పుడో చనిపోయిన తన మేనత్త వాటా అని, తమ ఇంట్లో ఆమెకు ఇవ్వలేదని చెప్పాడు. ఇకనుంచి ముందు దీనికే పెట్టమన్నాడు. ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటినుంచి జొన్నకు నీళ్లు సరిగ్గా అందుతున్నాయి. ఎలాగో నాకు అంతు చిక్కలేదు. కోట కొన్నదా, లాక్కున్నదా, అసలు ఎవరిదో కూడా తెలియదు.

మొన్న, తడి వృథా పోతోంది, ఆ మడిలో ఏం వేయమంటారని కఫీల్‌ను అడిగాను.

"అది నేను చెప్పేది కాదు" అన్నాడు.

ఎవరిని అడగాలో ఆయన చెప్పలేదు. రోజూ తడుపుతున్నాను.