ల్యాబు తాళం పగలగొట్టిన సిస్టర్

1997 వానాకాలంలో మా సర్కారు దవాఖానలో జరిగిన సమ్మె గురించి నేను చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను. చెప్పిన ప్రతిసారీ ఒక మాట మింగేశాను. ఆ రోజు ల్యాబు తాళంచెవి నా దగ్గరే ఉంది.

కోరుట్ల వైపు చిన్న దవాఖాన అది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, యూనియన్ కార్యదర్శిని కూడా. రెండు వార్డులకు ఒకే నర్సుతో నడిపిస్తున్నారని, మనుషులను వేయమని సమ్మెకు దిగాం. అయినా క్యాజువాలిటీ, అంటే ప్రాణం మీదికి వచ్చినవారిని చూసే గది, మూయకూడదని మేమే తీర్మానించుకున్నాం. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. పాముకాటుకు ఇచ్చే యాంటీ వీనం ల్యాబు ఫ్రిజ్‌లో ఉండేది. పనిచేసే ఫ్రిజ్ అదొక్కటే. కాబట్టి ల్యాబు విడిచిపోయేటప్పుడు తాళంచెవి క్యాజువాలిటీ సిస్టర్‌కు ఇవ్వాలని నియమం పెట్టాం. రాసింది నేనే.

మొదటి రెండు రోజులు గేటు దగ్గరే కూర్చున్నాం కాబట్టి తాళంచెవి ఇచ్చే అవసరం రాలేదు. మూడో రోజు జగిత్యాల ధర్నాకు లారీ వచ్చింది. తొందరలో ఎక్కేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉండిపోయింది.

మధ్యాహ్నం పక్క ఊరి నుంచి లచ్చవ్వను ఆమె భర్త రాజయ్య ట్రాక్టరు మీద తెచ్చాడు. పసుపు చేలో కలుపు తీస్తుంటే రక్తపింజర కరిచింది. క్యాజువాలిటీలో ఉన్నది సుశీల సిస్టర్, సిరిసిల్ల నేతవాళ్ళ ఆడబిడ్డ. కొత్త గాజు ట్యూబులోకి రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టింది. క్లాటింగ్ టెస్ట్ అంటారు. మామూలు రక్తమైతే గడ్డకట్టాలి. వంచి చూస్తే నీళ్ళలా జారింది. విషం ఎక్కిందన్నమాట. మందేమో తాళం వేసిన ల్యాబులో ఉంది, తాళం పగలగొడతానంది సిస్టర్.

పెద్ద డాక్టరుకు వేరే భయం. సమ్మె వల్ల పైనుంచి రోజూ ఫోన్లు. పైగా ఆ రోజుల్లో దవాఖాన తాళం పగిలిందంటే, మందులు అడవిలోని నక్సలైట్లకు పోయాయా అని పోలీసులు వచ్చేవారు.

"కరీంనగర్ పంపు సిస్టర్. తాళం పగిలితే నా మెడకు సుట్టుకుంటది."

"తోవలనే పాణం పోతది సార్. మీ మెడ గురించి పొద్దుమీకి మాట్లాడుకుందాం."

రాజయ్య అందుకున్నాడు: "సిస్టరమ్మా, ట్రాక్టర్ల గడ్డపార ఉన్నది, తేవాల్నా?"

"అడుగుడేంది రాజయ్యా, ఉరుకు!"

గడ్డపార అతను తెచ్చినా దెబ్బ వేసింది ఆమే. "నువ్వు కొడితే నిన్ను పట్టుకపోతరు. ఇటు తే" అందట. సీసాలు చేతికి రాగానే డాక్టరుగారే వచ్చి సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సాయంత్రం మళ్ళీ ట్యూబు నిలబెడితే రక్తం గడ్డకట్టింది. లచ్చవ్వ బతికింది.

సుశీల సిస్టర్‌కు మాత్రం మెమో వచ్చింది. రెండుసార్లు పోలీస్‌స్టేషన్‌కు పిలిచారు. తాళంచెవి తనకు ఇవ్వలేదని ఆమె చెబుతూనే ఉంది. నియమం రాసినవాడు ఇవ్వకుండా ఎందుకు పోతాడని అందరూ అనుకున్నారు. ఆమే పోగొట్టిందని కొందరు, ఎవరికో ఇచ్చిందని కొందరు అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. నిజం చెబితే పోలీసుల ముందు నేను నిలబడాలి, యూనియన్ పరువు పోతుంది. ఆమెను చందుర్తి వైపు బదిలీ చేశారు. పోయేరోజు నా ముందు ఆగి, "సెక్రటరీ సాబ్, లారీ ఎక్కినంక నోరు గిట్ట జగిత్యాలల్నే ఇడిసి అచ్చినవా?" అంది.

సమ్మెలో ఒక్క ప్రాణం పోనివ్వలేదని తరువాత ఎన్ని సభల్లో చెప్పానో. అది నిజమే. కానీ కాపాడింది నా నియమం కాదు, అది తప్పినచోట ముందుకు వచ్చిన ఒక మనిషి. రోగి క్షేమం కోసం కాగితం మీద ఎంత రాసినా, అది తప్పినప్పుడు తప్పింది నేనేనని చెప్పే ధైర్యం కూడా ఆ పనిలో భాగమే. నాకు అది చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె రిటైరైనప్పుడు సిరిసిల్లలో సన్మానం చేశారు. ఆనాటి మావాళ్ళూ వచ్చారు. నేను మైకు పక్కకు జరిపి, ఆమె కుర్చీ దగ్గర వంగి తాళంచెవి మాట మెల్లగా మొదలుపెట్టాను.

"నా చెవుల చెప్తవేంది? నాకు ఎరికే గదా" అంది నవ్వకుండా. "మైకుల చెప్పు. ఎనుక కూసున్నోళ్ళు ఇనాలె."

మైకు ముందుకు తెచ్చుకుని చెప్పాను: "సుశీలక్క తాళంచెవి పోగొట్టలే, ఎవ్వలికియ్యలే. నా దగ్గర్నే ఉండె. భయపడి నోరు మూసుకున్న. ఆమె చేసిన పనికి నేను పేరు తెచ్చుకున్న, నా తప్పుకు ఆమె మాటలు పడ్డది. అక్కా, నన్ను మన్నించు."