ఊరి ఇల్లరికపు డాక్టరు

యాకమ్మ నోరు మంచిదని ఎవరూ అనరు గానీ, ఆ నోటితోనే ఊళ్లో సగం లగ్గాలు కుదిర్చింది. కేసముద్రం మార్కెట్ యార్డులో ఊడ్చే పని ఆమెది. చేతిలో చీపురు ఆడుతుంటే నోటిలో ఎవరి పిల్లకు ఎవరి పిల్లగాడు తగునన్న ముచ్చట ఆడేది. భర్త రాయమల్లు అక్కడే హమాలీ. బస్తాలు మోసి, పత్తి దుమ్ము మింగి, అతనికి దమ్ము పట్టుకుంది. ఆయాసం లేచిందంటే దవాఖానకు పరుగెత్తి మాస్కు కట్టించి మందు పొగ పట్టించాలి. లేదంటే మనిషి కళ్లు తేలేస్తాడు. అందుకే దవాఖానలో డాక్టరున్నాడా లేడా అన్నది యాకమ్మకు ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అన్నంత పెద్ద సంగతి.

ఊళ్లో జనం పెరిగారు, చుట్టూ తండాలు పెరిగాయి. దవాఖానలో డాక్టరు కుర్చీ మాత్రం ఒక్కటే. అందులో కూర్చున్నవాడు పెట్టె పూర్తిగా విప్పకముందే పీజీ సీటు వచ్చిందని సర్దుకునేవాడు. కొత్తవాడు వచ్చేదాకా ఆ కుర్చీలో పిల్లి పడుకునేది. దానికి బదిలీ లేదు.

ఈసారి వచ్చినవాడు వినయ్, కరీంనగర్ వైపు పిల్లాడు. ఒకరోజు రాయమల్లు వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటుంటే యాకమ్మ అడిగింది.

“సారూ, నీకు లగ్గమైందా?”

“జర ఆగమ్మా, ఊపిరి వింటున్న.”

“ఆయన ఊపిరి యాడికి పోతది. నీ సంగతి చెప్పు.”

కాలేదన్నాడు. పక్కనే సూది మందు తీస్తున్న నర్సు సుకన్య తల దించుకుంది. ఆమె ఊళ్లోని సదానందం బిడ్డ. యాకమ్మ కంట్లో ఏదీ పడకుండా పోదు.

“ఆ పిల్లగాన్ని మనూరి అల్లున్ని చేస్తే ఇగ యాడికి పోతడు?” అంది ఇంటికొచ్చి. “అత్తగారింట్ల కోడికూర తినుకుంట ఈడ్నే ఉంటడు. నీకు ఫికర్ ఉండది.”

“సదువుకున్నోల్లు నీ మాటింటరా?” అన్నాడు రాయమల్లు.

“ఆల్లిద్దరు ఒకల్లనొకల్లు సూసుకుంటనే ఉన్నరు. నేను పొయ్యి ఊదుతనంతే.”

ఊదింది. సదానందాన్ని వెంటేసుకుని కరీంనగర్ పోయి వినయ్ తల్లిని మాటల్లో ముంచి తేల్చింది. కులం కూడా కలిసింది. కలవకపోతే దాన్నీ ఎలాగో కలిపేదే. పెళ్లికి ఊరు ఊరంతా కదిలింది. బరాత్‌లో రాయమల్లు ఆయాసం వచ్చేదాకా చిందేస్తే, పెళ్లికొడుకే బాసికంతో వచ్చి నాడి పట్టుకోవలసి వచ్చింది.

ఏడాది తిరక్కముందే వినయ్‌కి వరంగల్ పెద్ద దవాఖానలో పీజీ సీటు వచ్చింది. ఈసారి ఊరి నుంచి రెండు పెట్టెలు కదిలాయి. రెండోది సుకన్యది. తాను కుదిర్చిన ప్రతి పెళ్లిలోనూ అప్పగింతల దగ్గర బొటబొటా ఏడ్చిన మనిషి యాకమ్మ. పెళ్లయిన పిల్ల మొగుడి వెంట పోతుందన్న సంగతి ఆమె ఎలా మరిచిందో దేవుడికే తెలియాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. డాక్టరు లేని రోజుల్లో రాయమల్లుకు మాస్కు కట్టింది సుకన్యే మరి.

పత్తి దిగే రోజుల్లో రాయమల్లుకు మళ్లీ దమ్ము లేచింది. ఊరి దవాఖానలో పిల్లి ఉంది. యాకమ్మ అతన్ని ఆటోలో వేసుకుని వరంగల్ బయల్దేరింది. దారంతా అతని ఛాతీ మీద చెయ్యి తియ్యలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని కూర్చుంది.

దవాఖాన తలుపు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

“లోపలున్న డాక్టరు మా ఊరి అల్లుడు,” అంది.

“పొద్దటిసంది వచ్చినోల్లందరు గదే చెప్తాండ్లు,” అని లైను చూపించాడు.

చూస్తే లైనులో సగం తన ఊరే. పెళ్లి భోజనం తిన్న ప్రతివాడూ అత్తగారి తరఫు చుట్టమై నిలబడ్డాడు. మోకాళ్ల నొప్పుల చిలుకమ్మ అందరికన్నా ముందుంది. రాయమల్లును చూసి గబగబా దారి వదిలారు.

వినయ్ పరుగున వచ్చాడు. కళ్లు లోతుకు పోయాయి, గడ్డం మాసింది. రాయమల్లును బల్ల మీద కూర్చోబెట్టి మందు పొగ పెట్టాడు.

“అల్లుడా, ఇంత జనానికి ఎంతమంది డాక్టర్లున్నరు?”

“ఈ పూటకు నేనొక్కన్నే అత్తమ్మా. నర్సు ఇంకో వార్డుకు పోయింది. జర ఈ మాస్కు పట్టుకో,” అని అతను పక్క మనిషి దగ్గరికి పోయాడు.

యాకమ్మ పట్టుకుని నిలబడింది. ఊళ్లో అయితే సుకన్య పట్టుకోవలసిన మాస్కు అది.

కాసేపటికి రాయమల్లుకు ఊపిరి ఆడింది. మాస్కు పక్కకు జరిపాడు.

“మనూరికి ఇంకో డాక్టరొస్తే నువ్వు లగ్గం ముచ్చట తియ్యకు.”

యాకమ్మ మాస్కును మళ్లీ అతని మూతికి అదిమింది.