కారని గొడుగు

గొడుగుల మేస్త్రిని గొప్పవాడనడం తొందరపాటు. అతని కుట్టు ఊడదు. అంతవరకు ఒప్పుకోక తప్పదు. పాతికేళ్ళుగా బజారు మలుపులో, మెట్ల కింద పీట వేసుకుని, విరిగిన ఊచలు మార్చి, చిరిగిన గుడ్డకు అతుకులు వేసి, ప్రతి గొడుగు మీదా చెంబెడు నీళ్ళు పోసి చూశాకే ఇచ్చేవాడు. చుక్క కారిందా, కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలు.

అలాంటివాడికే నెత్తిమీద కప్పు లేకుండా పోయింది. గాలివానకు పై అంతస్తులోని అతని వాటా మీద రెండు రేకులు లేచి, ఎదురుమేడ ఎక్కి కూర్చున్నాయి. ఇంటి ఓనరు వచ్చి తల పైకెత్తి చూసి, "వారంలో వేయిస్తాను మేస్త్రీ," అన్నాడు. ఆ వారానికి మూడు నెలలు నిండాయి.

కింది వాటాలోని రిటైరైన కోర్టు గుమాస్తా దారి చెప్పాడు. "నోటిమాట నీటిమూట. కాగితం రాసిచ్చి నకలు దాచుకో. ఫొటోలు తీయించు. అప్పటికీ కదలకపోతే మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టు, తనిఖీకొస్తారు. అదీ కాదంటే మూటాముల్లె సర్దుకోవడమే."

"మూట సర్దేది నేను, బాబాయిగారూ," అంది మేస్త్రి భార్య. "ఈ తనిఖీతో కప్పు పడకపోతే మా అక్కింటికి పోతా. ఈయన గొడుగులతో కాపురం చేసుకుంటారు."

ఆమె మాట అంటే అన్నదే. మేస్త్రి ఫొటోలు జతచేసి ఫిర్యాదు పెట్టాడు. అయితే తనిఖీ వచ్చేదాకా ఆమె తడవకూడదని, ఏడు పాత గొడుగుల గుడ్డలు కలిపి గోడ నుంచి గోడకు ఒకే గొడుగు కుట్టి, తలకిందులుగా వేలాడదీశాడు. నడుమ నుంచి సన్నటి గొట్టం కిటికీ బయటికి. కుండపోతకు ఆ గుడ్డ బొజ్జ నిండేది తప్ప చుక్క జారేది కాదు. నేర్పు గాయాన్ని మాన్పకుండానే కనపడకుండా చేయగలదన్న సంగతి అతనికి తట్టలేదు.

తనిఖీ రోజు ఉదయం నుంచీ వాన. ఇనస్పెక్టరు నేల తడిమి చూశాడు. పొడి.

"రేకులు ఎప్పుడో వేయించానండీ," అన్నాడు ఓనరు, కళ్ళార్పకుండా. "ఆ గుడ్డంటారా, అందానికి కట్టుకున్నాడు."

"ఫొటోల్లో కన్నం ఉంది మరి?"

"అవి పాతవండీ. కారితే నేల తడవదూ?"

ఇనస్పెక్టరు కలం తీశాడు. "కారడం లేదు" అని రాయబోయాడు.

"విప్పండి దాన్ని," అని భార్య గొణిగింది.

మేస్త్రి చెయ్యి లేవలేదు. పాతికేళ్ళలో అతని గొడుగు నలుగురి ముందు కారలేదు. పైగా ఓనరు అతని భుజం తట్టి, "ఏం పనితనం మేస్త్రీ! మిగతా వాటాలకూ కుట్టిపెట్టు," అన్నాడు. పాతికేళ్ళలో అతనికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. మేస్త్రి మొహం చాటంత అయింది.

"ఆ మెచ్చుకోలే కప్పుకుని పడుకోండి ఈ రాత్రి నుంచి," అంటూ భార్య మంచం కిందనుంచి పెట్టె లాగింది.

పెట్టె గరగర విని మేస్త్రి మొహం మళ్ళీ మామూలుకొచ్చింది.

"ఓనరుగారూ, అసలు పనితనం నడిమి కుట్టులో ఉంది. ఇలా రండి. ఇంకాస్త. ఆ, అక్కడే. తల పైకెత్తండి."

ఓనరు తల పైకెత్తాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని దారం కొస లాగాడు.

ఉదయం నుంచి పోగైన వాన ఒక్క పెట్టున దిగింది. ఓనరు నోరు తెరిచాడు గాని, అందులోంచి మాటకు బదులు నీళ్ళు వచ్చాయి. విడిపోయిన కుట్టులోంచి ఆకాశం కనబడింది.

"నేల తడిసింది," అన్నాడు ఇనస్పెక్టరు, కాగితం చంకలో దాచుకుంటూ. "ఓనరు కూడా. పదిహేను రోజుల్లో కప్పు పడాలి."

పద్నాలుగో రోజున రేకులు పడ్డాయి. పెట్టె మంచం కిందికి చేరింది. ఆ సాయంత్రం భార్య చూసేసరికి మేస్త్రి నేలమీద కూర్చుని, ఇక ఎందుకూ పనికిరాని ఆ గొడుగు నడుముకు దారం ఎక్కిస్తున్నాడు.

"ఇంకా దేనికండీ అది?"

"దేనికీ కాదు," అన్నాడతను. "కారిందిగా."