లేవద్దని చెప్పిన ఉదయం

డిసెంబరు చివర్లో బెంగళూరు సైనిక శిక్షణ శిబిరంలో నర్సుగా రిపోర్టు చేశాను. భుజాన లెఫ్టినెంటు నక్షత్రాలు. చేతిలో ట్రంకు పెట్టె, అందులో అమ్మ బైబిలు. నన్ను బడికి పంపకుండా పదో తరగతి దాకా అమ్మే చదువు చెప్పింది. జవాబు రాసేముందు ప్రశ్నను రెండుసార్లు చదివించేది.

గేటు దగ్గర అంబులెన్సు డ్రైవరు ఎదురొచ్చాడు. నురగ కక్కే చెరువున్న వర్తూరు మనిషి. నా తెలుగు విని ముఖం విప్పారింది.

"మన మాట మాట్లాడే మేడమ్ వచ్చినారు. ఇంక నాకు జొరమొచ్చినా బయం లేదు."

"ఇక్కడ చలి బాగా ఉందే."

"మా చెరువు గట్టున ఇంకా ఉండాది మేడమ్. నురగ ఫ్రీ."

అతను ఉన్నందుకు రోజూ ప్రార్థనలో వందనాలు చెప్పుకున్నాను.

జనవరిలో ఫిట్‌నెస్ పరీక్ష. ఐదు కిలోమీటర్ల పరుగు. బూట్లు, వీపున సంచి, రైఫిలు. డ్రైవర్లకూ తప్పదు. ఉదయం ఏడయినా మైదానం మీద పొగమంచు విడలేదు. అందరూ చపాతీలు తిని వచ్చారు.

ముగింపు గీతకు ఇంకొంచెం దూరం ఉండగా డ్రైవరు కూలబడ్డాడు. మెడికల్ టెంటులోకి మోసుకొచ్చారు. కడుపు పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

"ఎండదెబ్బ," అన్నాడు ఉస్తాద్, పరుగు పెట్టించే హవల్దారు.

"ఎండెక్కడుంది ఉస్తాద్?"

"అయితే చపాతీలు ఎక్కువ లాగించుంటాడు."

ఒళ్ళంతా చూశాను. దద్దుర్లు లేవు. వాపు లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. బీపీ మాత్రం అందడం లేదు. అలర్జీ అంటే మనమంతా చర్మం మీదే వెతుకుతాం. నేనూ అక్కడే వెతికాను. ఏమీ దొరక్క, అతన్నే అడిగాను.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా?"

"ఒగసారి. చపాతీ తిని వాలీబాలాడితే. ఉత్తగా తింటే ఏం కాదు మేడమ్. ఉత్తగా ఆడినా ఏం కాదు."

అర్థమైంది. గోధుమ, పరుగు విడివిడిగా ఏమీ చెయ్యవు. కలిశాయంటే కొందరికి ప్రాణం మీదికొస్తుంది. తొడలో అడ్రినలిన్ ఇచ్చాను. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద సంచులు పెట్టాను. సెలైన్ ఎక్కించాను. రేడియో అందుకున్నాను.

"కంట్రోల్, మెడికల్ టెంట్. తీవ్రమైన అలర్జీ. అంబులెన్సు కావాలి. ఓవర్."

"డ్రైవరు మీ దగ్గరే ఉన్నాడుగా? ఓవర్."

"డ్రైవరే పేషెంటు. వేరేవాళ్ళను పంపండి. ఓవర్."

కాసేపటికి నాడి అందింది. కళ్ళు తెరిచాడు.

"నా బండి ఎవరికిస్తావుండారు మేడమ్? దాని క్లచ్చు నా మాటే వింటాది."

లోపల్లోపలే స్తోత్రం చెప్పుకున్నాను. "తల కూడా ఎత్తకండి. ఇప్పుడు లేస్తే గుండెకు రక్తం అందదు."

"సరే మేడమ్."

సంగతి తెలిసి కమాండింగ్ ఆఫీసర్ చూడ్డానికి వచ్చారు. మంచి మనిషి. ఆయన తెర తొలగించగానే ఉస్తాద్ అలవాటు కొద్దీ అటెన్షన్ ఆర్డరు వేస్తూ "సావధాన్" అన్నాడు. నేను సెలైన్ సీసా వైపు తిరిగి ఉన్నాను.

తిరిగి చూసేసరికి డ్రైవరు లేచి నిలబడి ఉన్నాడు.

"లేవద్దు," అన్నాను. "పడుకో, పడుకో," అన్నారు ఆయన కూడా.

అప్పటికే పడిపోయాడు. రెండో ఇంజెక్షను ఇచ్చాం. చేతులు పడిపోయేదాకా ఛాతీ నొక్కాం. అంబులెన్సు వచ్చింది, వేరే ఎవరో నడుపుతూ. అతను మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఏళ్ళ తర్వాత సర్వీసు ముగించి ఊరికి వచ్చాను. అతను మాట్లాడిన ఆ కాసేపటికైనా దేవుడికి వందనం చెప్పాలని చూస్తాను. నోరు రాదు. మా చర్చిలో ప్రార్థనకు అందరూ లేస్తారు. నేను కూర్చునే ఉంటాను. మోకాళ్ళ నొప్పులనుకుంటారు. అంతమంది ఒక్కసారిగా లేచిన చప్పుడులో నాకు కనబడేది అతనే. మడమలు కలిపి నిలబడి, సెలైన్ గొట్టాన్ని లాక్కుంటూ నుదుటి దాకా ఎత్తిన ఆ కుడిచెయ్యి.