అందరికంటే వెనక రాజేశం కాక

ఈ పొద్దున ఉట్నూరులో కళ్లు తెరవకముందే కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన ముక్కుకు తగిలింది. నిన్న సాయంత్రం మేం దిగిన వసతి గదిలో పంతొమ్మిది మందిమి చాపల మీద వరసగా పడుకున్నాం. ఆ చివర ఎవరో మోకాళ్లకు నూనె రాసుకుంటున్నారు. నాలుగు రోజులుగా కరీంనగర్ నుంచి సైకిళ్లు తొక్కుతూ వచ్చినవాళ్లం, మోకాలు నొప్పి లేని మనిషి మాలో లేడు. ఇంకో యాభై అయిదు కిలోమీటర్లు తొక్కితే ఆదిలాబాద్ వస్తుంది, ప్రయాణం అయిపోతుంది. అందరూ హుషారుగా లేస్తున్నారు. నేను మాత్రం దుప్పటి ముఖం మీదికి లాక్కొని కాసేపు ఏడ్చాను. నలభై ఆరేళ్లవాణ్ని, సుల్తానాబాదులో పొలం మోటార్లకు వైండింగు కట్టే దుకాణం నడిపేవాణ్ని, గిరాకీల మీద గయ్యిమంటాడని పేరు తెచ్చుకున్నవాణ్ని. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. కానీ అది రాజేశం కాక మా మోకాళ్లకు రాసే నూనె వాసన. ఆయన లేకుండా మేం వచ్చిన మొదటి ప్రయాణం ఇది.

రాజేశం కాకది నస్పూర్. బొగ్గుబాయిలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. బాయిలో ఆయన సర్దారు. అంటే ఒక షిఫ్టులో తన కింద దిగిన కార్మికుల ప్రాణాలకు పూచీ పడే మనిషి. తలమీది కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చూసి వాళ్లను పనిలోకి పంపాలి, షిఫ్టు అయ్యాక అందరినీ పైకి పంపి ఆఖరున తను రావాలి. ఆ అలవాటును ఆయన సైకిలు మీదికి కూడా తెచ్చుకున్నాడు. ఏటా వరికోతలు అయిపోయాక చలికాలంలో మేం కరీంనగర్ నుంచి ఆదిలాబాదుకు అయిదు రోజులు సైకిళ్ల మీద వెళ్తాం. ఎందుకు అని అడిగితే మా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. నలుగురు స్నేహితులు సరదాకు మొదలుపెట్టారు, అది ఇరవై మంది దాటింది. అందులో అందరికంటే పెద్దవాడు కాక, అందరికంటే పాతది ఆయన నల్ల సైకిలు. ఎవరెంత మెల్లగా తొక్కినా ఆయన వాళ్లకంటే మెల్లగా తొక్కుతూ వెనకే ఉండేవాడు. వినడానికి సులువే. ఎత్తు మీద పడిపోకుండా సైకిలును అంత మెల్లగా నడపడం ఎంత కష్టమో తొక్కినవాళ్లను అడగాలి.

నేను చేరిన మొదటి ఏడు నా తల పొగరుతో నిండి ఉంది. గేర్ల సైకిలు కొత్తగా కొన్నాను, సుల్తానాబాదు బైపాసు మీద నెలరోజులు పొద్దున్నే తొక్కి కాళ్లు గట్టి చేసుకున్నాను. మూడో రోజు మంచిర్యాల నుంచి జన్నారం దాకా అందరికంటే ముందు దూసుకుపోయి, రెండు గంటలు ముందే చేరి, చెట్టు కింద కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాను. ఒక్కొక్కరే రొప్పుకుంటూ వస్తుంటే చూడ్డానికి భలే సంబరంగా ఉంది. ఆఖరున కాక వచ్చాడు. నేను ఎదురెళ్లాను.

"నేనే ఫస్టొచ్చిన కాకా! రెండు గంటలాయె కూసోవట్టి."

ఆయన టవలుతో మెడ తుడుచుకున్నాడు. "మంచిగ తొక్కినవ్ కొడుకా. నీ ఎనక ఎవలున్నరు?"

"ఎనకనా? అందరున్నరు."

"అందరంటే పేరుండదు గదా. నీ తర్వాత వచ్చినోని పేరు చెప్పు, సాలు."

నాకు తెలియదు. మూడు రోజులు వాళ్లతోనే తిన్నాను, పడుకున్నాను, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తప్పు తెలిసి సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. నాకు మండిపోయింది. నా దుకాణంలో నన్ను ప్రశ్న అడిగే మగాడు లేడు, ఈ ముసలాయన నలుగురిలో అడుగుతాడా అని మూతి ముడుచుకొని సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. చీకటి పడకముందే ఆయన నూనె సీసా పట్టుకొని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

"నీకు నా మీద కోపం. మోకాలుకేం కోపం రా? ఇటు వెట్టు," అని నా కాలు లాగి ఒళ్లో పెట్టుకొని నూనె రుద్దాడు. నా తండ్రి పోయాక నా కాలు ముట్టుకున్న మగమనిషి ఆయనే. ఆ రోజు నుంచి ఆయన వెంట తిరగడం మొదలుపెట్టాను. పొగరు మాత్రం ఒక్కరోజులో పోలేదు, కొంచెం కొంచెంగా ఆయనే దించాడు.

మూడో ఏడు దండేపల్లి దాటాక ఒక చాయ హోటల్ దగ్గర ఆగాం. అప్పటికి నాకు ఆయన దగ్గర చనువు పెరిగింది, ఎగతాళి కూడా చేసేవాణ్ని. "ఏం కాకా, ఒక్కపారన్న ముంగట తొక్కవా? సర్దారువై ఉండి ఎనకెనక వస్తే ఇజ్జత్ ఏముంటది?" అన్నాను. ఆయన సాసరులో చాయ పోసుకొని ఊదాడు.

"ఒక్కపారి ముంగట వచ్చిన," అన్నాడు తర్వాత. "మా పెద్దబిడ్డకు కొడుకు పుట్టిండని కబురొచ్చింది. షిఫ్టు అయిపోయింది. ఎల్లయ్య ఏడిరా అని అడిగిన. పైకి పోయిండు సర్దార్ అన్నరు. నేను కండ్లతోని జూడలే, మాట నమ్మిన. ఉరుకుకుంట పైకొచ్చిన, ఇంటికి పోయి మనుమణ్ని ఎత్తుకున్న. గప్పుడొచ్చిండ్రు మనుషులు. దీపాలు వాపసిచ్చే కాడ ఒక దీపం తక్కువున్నది, ఎల్లయ్యది."

ఎల్లయ్య పక్కదారిలో పనిముట్లు తెచ్చుకోవడానికి వెళ్లాడట. తలమీది దీపం చెడిపోయింది. బాయి లోపలి చీకటి ఎలా ఉంటుందో మనకు తెలియదు, చెయ్యి కళ్ల ముందు పెట్టుకున్నా కనబడదని కాక చెప్పాడు. అందులో దారి తప్పుతానని భయపడి కదలకుండా కూర్చొని మూడు గంటలు అరిచాడు.

"దెబ్బ తాకిందా కాకా?"

"ఏ దెబ్బ తాకలే. మంచిగనే పైకొచ్చిండు. కానీ మళ్ల బాయిల దిగలే. ఇంట్ల లైటు బుగ్గ బందు జేస్తే నిద్రలకెల్లి లేసి ఒర్లుతడు. ఇప్పటికీ గట్లనే. నేను పోతే చాయ వోస్తడు, నవ్వుతడు, ఒక్క మాట అనడు. తిట్టినా మంచిగుండేది కొడుకా."  ఆయన లేచి వెళ్లి గ్లాసు కడిగి పెట్టాడు. నాకు ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది గానీ వేయలేదు. వేయాల్సింది.

ఆయన లెక్క సంగతి అప్పుడు అర్థమైంది. ఆగిన ప్రతిచోటా మా అందరి మధ్యకు వచ్చి, ఒక్కొక్కరి ముఖం చూసి, భుజం తట్టి, ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. ఎవరైనా మూత్రానికి పోయారని చెబితే ఆ మనిషి తిరిగొచ్చి కనిపించేదాకా ఆ అంకె దాటేవాడు కాదు. మేకల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెడతాడని మేం నవ్వుకునేవాళ్లం. ఇరవై ఒకటి అనగానే "సాగుండ్రి" అనేవాడు, మేం బయలుదేరేవాళ్లం. మేం ఇరవై రెండు మందిమి. ఆయన తనను ఎన్నడూ కలుపుకోలేదు, ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

పోయిన ఏడు నన్ను ముందుండి దారి చూపమన్నాడు కాక. జన్నారం నుంచి ఉట్నూరు పోయే దారి టేకు అడవిలో ఎత్తు ఎక్కుతుంది. ఎత్తు అయిపోయాక ఒక ఊళ్లో ఆగి, కాక నేర్పినట్టే ఒక్కొక్కరి ముఖం చూసి, నన్నూ కలుపుకొని నేనే లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. సరిపోయింది. నా వీపు నేనే చరుచుకోవాలన్నంత సంతోషమైంది. కాక ఏడి అని ఎవరో అడిగితే, ఎనక వస్తుండు, ఎవల సైకిలో బాగుచేస్తుండొచ్చు అని ఇంకెవరో అన్నారు. నేను ఆ మాట నమ్మి రెండో చాయ చెప్పాను. అందరూ నా కళ్ల ముందే ఉంటే ఆయన ఎవరి సైకిలు బాగుచేస్తాడు? ఆ పాటి ఆలోచన రాలేదు. ముప్పావు గంట గడిచాక భాగ్య నా దగ్గరికి వచ్చింది. ఆమె పెద్దపల్లిలో టీచరు, మాలో అందరికంటే మెల్లగా తొక్కే మనిషి, ఎప్పుడూ కాకకు కొంచెం ముందుండేది.

"అన్నా, ఆఖరుకొచ్చింది నేనే. నువ్వు నడువు బిడ్డా, నేనొస్త అని కాక నన్ను పంపిండు. అటెనక ఆయన సైకిల్ చప్పుడు నాకు ఇనవడలే."

 ఎల్లయ్య కథ చెవులారా విన్నవాణ్ని నేను. సైకిలు తిప్పి ఆ ఎత్తు మీంచి కిందికి ఎలా దిగానో నాకు గుర్తులేదు. అయిదు కిలోమీటర్ల కింద, కల్వర్టు గోడకు వీపు ఆనించి కాక నేలమీద కూర్చొని ఉన్నాడు. సైకిలుకు పద్ధతిగా స్టాండు వేసి ఉంది. పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిసిపడుతున్నాయి. ఆయనకు దమ్ము జబ్బు ఉందని మాకెవరికీ చెప్పలేదు. నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట, "అందరొచ్చిండ్రా?"

"అందరొచ్చిండ్రు! నువ్వే రాలే!" అని అడవి దద్దరిల్లేలా అరిచాను. అరుస్తూనే ఏడుపొచ్చింది. "లెక్కవెట్టిన కాకా. ఇరవై ఒక్కరు. సరిపోయిందనుకున్న."

ఆయన నా ముఖం చూసి నవ్వబోతే దగ్గు వచ్చింది. "నేను నేర్పిన లెక్కనే గదరా. నన్ను నేనే కలుపలే, నువ్వేడ కలుపుతవ్? ఫికర్ జేయకు." నా తప్పును కూడా తన మీదే వేసుకున్నాడు.

ఒక జీపు ఆపి ఆయన్ని ఉట్నూరు తీసుకుపోయాను. డాక్టరు మందులిచ్చి, సైకిలు తొక్కొద్దని గట్టిగా చెప్పాడు. మర్నాడు ఆదిలాబాదు దగ్గరిదాకా జీపులోనే వచ్చాడు, కిటికీలోంచి మా ముఖాలు లెక్కపెట్టుకుంటూ. ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా దిగి సైకిలు అడిగాడు. వద్దని అందరం పోరు పెట్టాం.

"ఊళ్లెకు జీపుల పోతనా? ఇంతదూరం వచ్చి? జర తొక్కనియ్యుండ్రి." చిన్నపిల్లాడిలా బతిమాలాడు. సరే అన్నాం. అందరూ ముందుకు సాగాక ఆయన అలవాటుగా నా సైకిలు కదిలేదాకా ఆగాడు. నేను కదల్లేదు.

"నువ్వు ముంగట నడువు కాకా."

"సర్దారు నువ్వా, నేనా?"

"ఇయ్యాల నేనే."

ఆయన కోపంగా చూశాడు, తర్వాత పెడలు మీద కాలు పెట్టాడు. మెల్లగా, దాదాపు నడిచేంత మెల్లగా తొక్కుతుంటే నేను వెనకే తొక్కాను. మొదట అస్తమానం వెనక్కి తిరిగి చూశాడు. కొంతదూరం పోయాక చూడ్డం మానేశాడు. భుజాలు కిందికి దిగాయి. అప్పుడు ముందుకు చూస్తూనే అన్నాడు, "శంకరూ, ఎనక ఒక మనిషుంటే గిట్లుంటదా రా? నాకు ఎర్కనే లేకపాయె."

వానాకాలంలో పోయాడు. నిద్రలోనే పోయాడని ఆయన భార్య, మా చిన్నమ్మ చెప్పింది. ఈ ఏడు వెనక ఎవరుండాలి అని మాట వచ్చినప్పుడు అందరూ నా వైపు చూశారు. గేర్ల సైకిలు మీద అందరికంటే ముందు దూసుకుపోయిన ఆ శంకరే ఇప్పుడు అందరికంటే వెనక తొక్కుతున్నాడు. ఈసారి ఇంకో ఇద్దరు కూడా రాలేదు; ఆగిన ప్రతిచోటా పద్దెనిమిది ముఖాలు చూసి, భుజాలు తట్టి, ఆఖరున నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని పంతొమ్మిది అంటున్నాను. మొదటిరోజు నవ్వారు, ఇప్పుడు ఆ అంకెను అందరూ నాతో కలిసి అంటున్నారు.

గుడిహత్నూరులో పెద్దరోడ్డు ఎక్కాం. లారీలు పక్కనుంచి పోతున్నాయి, ఆదిలాబాదు ఇంకో రెండు గంటల దారి ఉంటుంది. నాకు ముందు భాగ్య తొక్కుతోంది. కాసేపటికోసారి తల తిప్పి నేనున్నానో లేదో చూస్తోంది, నేను చెయ్యెత్తుతున్నాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. అన్నేళ్లలో మేం ఒక్కరోజైనా అలా తిరిగి చూసి ఉంటే కాక కూడా చెయ్యెత్తేవాడు.